కామాఠీపురా గ్యాలరీలో మొక్కకు చోటెక్కడ?

ముంబైలో నాగ్‌పాడా దాటి కామాఠీపురా గల్లీల్లోకి వెళ్తే పాత చాళ్ల (వరుస గదుల ఇళ్ల) గ్యాలరీల్లో పెయింటు డబ్బాలు, పగిలిన బకెట్లు కనిపిస్తాయి. వాటిలో తులసి, కలబంద, కరివేపాకు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చి బొంబాయి రోడ్లనూ భవనాలనూ కట్టిన కామాఠీల పేరే ఈ పేటకు వచ్చింది. పెరడు లేకపోయినా పోపులోకి పచ్చి రెబ్బ ఇంట్లోనే ఉండాలనే పట్టుదల ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఇంకా ఉంది. అదే మట్టి, అదే నీళ్లు. అయినా ఒక గ్యాలరీలో కరివేపాకు గుబురుగా పెరుగుతుంది, ఎదుటి గ్యాలరీలో నాలుగు రెబ్బలతో ఈసురోమంటుంది. ఎందుకో తెలియాలంటే ముందు జపాన్ దాకా వెళ్లి రావాలి.

చోటు విషయంలో పేచీ పెట్టే చెట్లలో జపాన్ మేపుల్‌ది పెద్ద పేరు. 1775, 76 సంవత్సరాల్లో జపాన్‌లో గడిపిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త థున్‌బెర్గ్ 1784లో దీనికి ఏసర్ పామేటమ్ అని పేరు పెట్టాడు. ఆయన గురువు లినేయస్. అదే గురువు దగ్గర చదువుకున్న మరొకాయన, యోహాన్ కోనిగ్, మన వైపు వచ్చాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. కరివేపాకు శాస్త్రీయ నామంలో ఉన్న ‘కోనిగీ’ ఆయన జ్ఞాపకమే. ఈ రెండు చెట్లూ సపిండేల్స్ అనే ఒకే క్రమానికి చెందినవి. అంతకన్నా మనకు పనికొచ్చే పోలిక ఇంకొకటి ఉంది. అడవిలో రెండూ పెద్ద చెట్ల నీడన, ఆకుల సందుల్లోంచి జారే ఎండతో పెరిగేవే. మేపుల్ ముంబైలో బతకదు. దానికి చలికాలపు నిద్ర కావాలి, ఇక్కడ జనవరి రాత్రులు కూడా సాధారణంగా 16, 17 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. కానీ దానికి చోటు వెతికే పద్ధతి మన కరివేపాకుకూ పనికొస్తుంది.

మేపుల్‌కు పొద్దుటి ఎండ మంచిది, మధ్యాహ్నపు ఎండ చెడ్డది అంటారు. సూర్యుడు నడినెత్తికి రావడానికి మూడు గంటల ముందూ, వచ్చిన మూడు గంటల తర్వాతా ఒకే ఎత్తులో ఉంటాడు. వెలుగు దాదాపు ఒకటే. మారేది గాలి. పొద్దుట అది చల్లగా, తేమగా ఉంటుంది. మధ్యాహ్నానికి వేడెక్కి, ఇంకా ఎంతో తేమను పట్టుకోగల స్థితికి వస్తుంది. ఆ తేమను ఆకుల్లోంచి లాగుతుంది. ఈ బాష్పోత్సేకానికి సరిపడా నీటిని వేర్లు అందించలేకపోతే ఆకు తన పత్రరంధ్రాలు మూసుకుంటుంది. నీటి నష్టం తగ్గుతుంది, దాంతోపాటే ఆహార తయారీ కూడా నిలిచిపోతుంది, ఆకు వేడెక్కుతుంది. పల్చటి మేపుల్ ఆకు అంచులు మాడిపోయేది ఇలాగే. చాల్‌లో పడమటి గోడ కూడా వేడిని దాచుకుని చీకటి పడ్డాక కూడా వదులుతుంటుంది. కుండీలోని వేర్లు ఆ వేడికి ఉడుకుతాయి. అందుకే గ్యాలరీ ఎటు వైపు అన్నదానికి నేను ఎరువు కన్నా ఎక్కువ విలువ ఇస్తాను.

వెలుతురు అంచనాలో మన కన్నును నమ్మకూడదు. నడి ఎండలో వెలుగు సుమారు లక్ష లక్స్. నీడ గ్యాలరీలో అది ఒకటి రెండు వేలకు మించదు, గదిలో వందల్లోకి పడిపోతుంది. కన్ను సర్దుకోవడం వల్ల మనకు అన్నీ వెలుతురుగానే అనిపిస్తాయి. మొక్కకు ఆ సౌకర్యం లేదు. కరివేపాకుకు రోజూ ఐదారు గంటల నేరు ఎండ దొరికితే చాలా మంచిది. చెయ్యి చాపి చూడండి. నీడ అంచు పదునుగా పడితే అది నేరు ఎండ.

ఇక గల్లీ లెక్క. ముంబై సుమారు 19 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు 47 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అప్పుడు 40 అడుగుల భవనం నీడ 37 అడుగుల దాకా పడుతుంది. గల్లీ అంతకన్నా ఇరుకైతే దక్షిణం వైపు గ్యాలరీ అయినా కింది అంతస్తుకు ఎండ చేరదు, పై అంతస్తులకు దండిగా దొరుకుతుంది. మే మధ్య నుంచి జులై చివరి దాకా సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు గ్యాలరీకి ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఎక్కువగా తగిలేది ఆ రోజుల్లోనే. ఒక్క రోజు చూసి చోటు ఖాయం చేయడం పొరపాటు.

అంతలో వాన మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 2,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది, నైరుతి గాలి జల్లును పడమటి గ్యాలరీల్లోకి కొడుతుంది. జనం టార్పాలిన్లు కడతారు, వెలుతురు ఇంకా తగ్గుతుంది. కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీరు బాగా దిగుతుందనే నమ్మకం తప్పు. నీరు మట్టిలోనే, రాళ్లకు పైన, పట్టుకుని ఆగుతుంది. అంటే తడిసి ముద్దయిన పొర వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. లోతైన కుండీ, గుల్ల మట్టి, అడుగున తెరిచిన రంధ్రాలు కావాలి. కింద పళ్లెం మాత్రం తీసేయాలి. డెంగీ దోమకు గుడ్డు నుంచి రెక్కల దాకా వారం పది రోజుల నిల్వ నీరు చాలు.

కుండీకి ఇంత జాగ్రత్త కావాలి గానీ, అదే చాల్ గోడ పగుల్లో ఎవరూ నాటని రావి మొలక ఏపుగా ఉంటుంది. అడవిలో రావి విత్తనం పిట్ట రెట్టతో ఏ చెట్టు పంగలోనో పడి మొలుస్తుంది. సున్నపు గోడ పగులు దానికి అలాంటి చోటే. గోడకు మాత్రం అది ప్రమాదం, వేరు ముదరక ముందే తీయించాలి.

గ్యాలరీలో చోటు సంగతి ఇది, నేల మీద చెట్ల చోటు సంగతి ఇంకొకటి. కామాఠీపురా పునర్నిర్మాణాన్ని ఇప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేపట్టింది. చెట్టు వేర్లలో ఎక్కువ భాగం నేల పై రెండడుగుల్లోనే, కొమ్మల అంచు దాటి పరుచుకుంటాయి. వాటికి గాలి, నీరు రెండూ కావాలి. స్థలమంతా కింద పార్కింగు తవ్వేసి, శ్లాబు మీద అడుగు మట్టి పోసి తోట అంటే అందులో గడ్డీ పూల మొక్కలే మిగులుతాయి. వేప, కానుగ అక్కడ నిలవవు. నక్షా దశలోనే భవనాల మధ్య, పొద్దుటి ఎండ పడే వైపు కొంత నేలను కింద తవ్వకుండా వదలమని చాల్ కమిటీలు మ్హాడాను అడగాలి.