ఈతచెట్టు గీతకు చలి ఎందుకు?

శంషాబాదు పరిసర గ్రామాలలో చెరువుకట్టల మీదా, పొలం గట్ల మీదా ఈతచెట్లు కనిపిస్తాయి. వాటిలో గీతకు వచ్చిన చెట్టును దూరం నుంచే పోల్చుకోవచ్చు. దాని మాను నిటారుగా ఉండదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు చెక్కినట్లు మెలికలు తిరిగి ఉంటుంది. ఒక పక్కన గీసి, మరుసారి దానికి ఎదుటి పక్కన గీస్తూ పోవడం వల్ల ఏర్పడిన గుర్తులవి. ఆ గాట్లను లెక్కపెడితే చెట్టు ఎన్నిసార్లు కత్తికి వచ్చిందో తెలుస్తుంది. ఈ గీత ముమ్మరంగా సాగేది చలికాలంలో. వానలు వెనుకబట్టిన తరువాత మొదలై, ఎండలు ముదిరేసరికి సన్నగిల్లుతుంది. ఇట్లా ఎందుకు జరుగుతున్నది?

చలికి చెట్టు ఎక్కువ నీరు ఊరుస్తుందని సాధారణంగా చెబుతారు. ఈ మాటలో కొంత నిజం ఉన్నది గాని, అసలు కారణం అది కాదు. చలి చెట్టులో చేసే పని కంటె, లొట్టిలో చేసే పని ఎక్కువ. దీనిని గ్రహించడానికి, చలి నిజంగానే చెట్టులోపల పనిచేసే ఉదాహరణను ముందుగా చూడడం మంచిది.

కెనడాలోని క్విబెక్, అమెరికాలోని వెర్మాంట్ ప్రాంతాలలో మేపుల్ అనే చెట్టు ఉన్నది. శీతాకాలం చివర, సుమారుగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, దాని మానుకు చిన్న రంధ్రం వేసి తీపి నీటిని పట్టుకుంటారు. రాత్రి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటె కిందికి దిగాలి, పగలు సున్నాను దాటి పైకి పోవాలి. ఈ రెండూ వెంటవెంటనే జరిగిన రోజులలోనే నీరు బాగా కారుతుంది. రాత్రింబగళ్లు గడ్డకట్టి ఉన్నా కారదు, రాత్రింబగళ్లు వెచ్చగా ఉన్నా కారదు.

దీనికి కారణం మేపుల్ కలప నిర్మాణంలోనే ఉన్నది. ఆ కలపలోని నారకణాలలో నీటికి బదులు గాలి నిండి ఉంటుంది. రాత్రి గడ్డకట్టేటప్పుడు పక్కనున్న నాళాలలోని నీరు ఈ కణాలలోకి చేరి, లోపలి గోడలకు మంచుగా పట్టుకుంటుంది. ఆ మంచు లోపలి గాలిని నొక్కివేస్తుంది. ఇట్లా ఖాళీ అయిన నాళాలలోకి వేళ్లు నేలలోని నీటిని పీల్చి పంపుతాయి. తెల్లవారి ఎండ తగలగానే మంచు కరుగుతుంది. నొక్కుకొని ఉన్న గాలి వ్యాకోచించి నీటిని తిరిగి నాళాలలోకి నెడుతుంది. నాళాలలోని చక్కెర వల్ల జరిగే ద్రవాభిసరణం ఈ ఒత్తిడికి తోడవుతుంది. మానులోపలి పీడనం బయటి గాలి పీడనాన్ని మించినప్పుడు రంధ్రం గుండా నీరు బయటికి వస్తుంది. అక్కడి రైతుకు రంధ్రం ఎప్పుడు వేయాలన్నదే పెద్ద సమస్య. తొందరపడి వేస్తే అసలు కాలం వచ్చేసరికి సూక్ష్మజీవులు చేరి రంధ్రం ఎండిపోతుంది. ఆలస్యం చేస్తే మొదటి మంచి రోజులు జారిపోతాయి. మొగ్గలు విచ్చుకోవడం మొదలైతే నీటి రుచి చెడుతుంది, ఆ ఏటికి పని ముగుస్తుంది.

ఈ సూత్రం శంషాబాదు ఈతచెట్టుకు వర్తించదు. హైదరాబాదులో రికార్డులకెక్కిన అత్యంత శీతలమైన రాత్రి 1946 జనవరి 8వ తేదీది. ఆ రాత్రి కూడ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటిగ్రేడుకు మాత్రమే దిగింది. మాను లోపల నీరు గడ్డకట్టే ప్రసక్తే ఇక్కడ లేదు.

పైగా, ఈతచెట్టు నుంచి వచ్చే నీరు వేరే దారిన వస్తుంది. మేపుల్ నీరు దారువు నుంచి వస్తుంది. ఈత, తాటి నీరు మాత్రం ఆకులలో తయారైన చక్కెరను మోసుకుపోయే పోషక కణజాలం నుంచి వస్తుంది. అందువల్లనే తీపిలో అంత తేడా. మేపుల్ నీటిలో చక్కెర నూటికి రెండు మూడు పాళ్లు మాత్రమే. ఈత నీటిలో పది పన్నెండు పాళ్ల దాకా ఉంటుంది. ఒక లీటరు మేపుల్ పాకానికి సుమారు 40 లీటర్ల నీటిని మరిగించాలి. ఈత బెల్లం ఒక కిలోకు ఎనిమిది లీటర్ల నీరా చాలు. వంటచెరకు ఖర్చును బట్టి చూసినా ఈతచెట్టు ఉదారమైనదే.

చక్కెర ఎక్కువగా ఉన్న చోటికి నీరు చేరడం వల్ల పోషక నాళాలలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. మొవ్వు కింద లేత భాగాన్ని పలుచగా చెక్కితే ఆ ఒత్తిడికి తీపి నీరు ఊరి, నాటిన గొట్టం వెంట లొట్టిలోకి జారుతుంది. చెట్టు ఊరుకోదు. కోసిన నాళాల నోళ్లను కాలోజ్ అనే పదార్థంతో మూసివేయడానికి పూనుకుంటుంది. కనుకనే గీత కార్మికుడు మళ్లీ పలుచని పొర తీసి ఆ నోళ్లను తెరవవలసి వస్తుంది. కత్తి పదును, పొర మందం అతని చేతికి తెలిసిన లెక్కలు. పొర మందమైతే చెట్టుకు నష్టం. మరీ పలుచనైతే నాళం తెరుచుకోదు.

ఇందులో చలికాలానికి కొంత పాత్ర ఉన్నది. వానకాలం ముగిసిన తరువాత నేలలో తడి ఉంటుంది, ఎండ తీవ్రత లేనందున ఆకుల నుంచి బాష్పోత్సేకం తగ్గుతుంది. చెట్టులో నీరు నిండుగా ఉంటే నాళాల ఒత్తిడి కూడ నిండుగా ఉంటుంది. నీటిని రాత్రిపూట పట్టడానికి ఒక కారణం ఇదే. జనం చెప్పే మాటలోని నిజం ఇంతవరకే.

ఇక అసలు కారణం. కోసిన చోట ఊరిన మరుక్షణమే ఆ తీపి నీటిలోకి గాలి నుంచి, లొట్టి నుంచి, పురుగుల కాళ్ల నుంచి ఈస్టు, బాక్టీరియా చేరతాయి. అవి చక్కెరను తిని ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడును విడుస్తాయి. నీరా కల్లుగా మారడమంటే ఇదే. ఆ తరువాత వేరొక జాతి బాక్టీరియా ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మార్చి పుల్లగా చేస్తుంది. ఈ మార్పుల వేగం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని స్థూలంగా చెప్పవచ్చు. హైదరాబాదు ప్రాంతంలో జనవరి రాత్రుల కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల దాపున ఉంటుంది. మే నెలలో అది 26 డిగ్రీల దాపున ఉంటుంది. అనగా సాయంత్రం కట్టిన లొట్టి తెల్లవారేసరికి జనవరిలో ఎంత పులుస్తుందో, మే నెలలో సగం రాత్రికే అంత పులుస్తుంది. మేపుల్ చెట్టుకు చలి పంపు వంటిది. ఈతచెట్టుకు అది కాపలాదారు.

ఈ తేడాను తరగతిలోనే చూపవచ్చు. రెండు సీసాలలో 100 మిల్లీలీటర్ల చొప్పున నీరు పోసి, ఒక్కొక్క దానిలో 12 గ్రాముల చక్కెర, చిటికెడు ఈస్టు కలపాలి. మూతికి రబ్బరు బుడగ బిగించి, ఒక సీసాను కుండలోని చల్లని నీటిలో, రెండవదానిని ఎండ తగిలే కిటికీలో ఉంచాలి. ఏ బుడగ ముందుగా ఉబ్బుతుందో విద్యార్థులే చెబుతారు. తాజా నీరా దొరికే ఊళ్లలో గంటగంటకు నీలి లిట్మసు కాగితం ముంచి చూస్తే, ఆమ్లత ఏర్పడడం కూడ తెలుస్తుంది. లొట్టి లోపల సున్నం పూయడంలోని రహస్యమూ ఇదే. సున్నపు క్షారగుణంలో ఈ సూక్ష్మజీవులు పెరగలేవు గనుక నీరా తీయగా నిలుస్తుంది.

కాబట్టి గీతకు మంచి రోజును నిర్ణయించేది పగటి ఎండ కాదు, రాత్రి ఆకాశం. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల వేడిని త్వరగా కోల్పోతుంది, లొట్టి చల్లబడుతుంది. మబ్బు కమ్మితే ఆ వేడి తప్పించుకోలేదు. నడి చలికాలంలో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి రెండు రోజులు ముసురు పట్టిందంటే తీపి తగ్గుతుంది. లొట్టిలో వానచుక్కలు పడితే సరేసరి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. ఈతచెట్టు గీత తగ్గే కాలమూ ఇంచుమించు అదే. ఆపైన తాటిచెట్టు వంతు వస్తుంది. తాటికి గీసేది మానును కాదు, పూగెలను. గెల రానిదే చలి ఎంత ఉన్నా ప్రయోజనం లేదు. కనుక తాటిగీతకు పంచాంగం చెట్టు పూతే.

చలి ఉన్నన్నాళ్లూ గీయవచ్చునా అంటే, కూడదు. ఈత ఏకదళబీజ వృక్షం. మేపుల్ మానులో కేంబియం అనే పొర ఏటేటా కొత్త కలపను చేర్చి రంధ్రాన్ని కప్పివేస్తుంది. ఈతమానులో ఆ పొర లేదు. పడిన గాటు జీవితాంతం ఉంటుంది. పైగా చెట్టుకంతటికీ ఉన్నది ఒకటే మొవ్వు. దానికి కత్తి తగిలిందా, చెట్టు చచ్చినట్లే. అందువల్ల కొన్ని దినాలు గీసి కొన్ని దినాలు విశ్రాంతి ఇవ్వడం ఆచారమైంది. మంచి చలి ఉన్నది గదా అని ఆ విశ్రాంతిని ఎగవేసినవాడు రాబోయే ఏళ్ల రాబడిని ముందే తాగినట్లు. 2015లో మొదలైన హరితహారంలో చెరువుకట్టల మీద ఈతమొక్కలు కూడ నాటారు. ఈత మొక్క గీతకు రావడానికి కనీసం ఐదారేళ్లు పడుతుంది.

శంషాబాదులో 2008 మార్చిలో సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయం ప్రారంభమైంది. దాని చుట్టూ రోడ్లు, గోదాములు, కాలనీలు వచ్చాయి. తారు, కాంక్రీటు పగటి వేడిని దాచుకొని రాత్రి నెమ్మదిగా వదులుతాయి. కనుక పొలం నడుమనున్న ఈతచెట్టు లొట్టికీ, ఒక కాలనీ గోడ పక్కనున్న చెట్టు లొట్టికీ ఒకే రాత్రి ఒకే చలి అందదు. పాఠశాలలో రెండు ఉష్ణమాపకాలుంటే ఈ భేదాన్ని కొలవడం సులభం. సూర్యోదయానికి ముందు ఒకటి మైదానంలో, ఒకటి కాంక్రీటు గోడ దగ్గర చూసి, నెలరోజులు నమోదు చేసుకోవాలి.

వెచ్చని రాత్రి తరువాత లొట్టిని మరింత ముందుగా దించాలి. అంటే తెల్లవారకముందే చెట్టెక్కాలి. చలికాలపు ఆ వేళలో మాను మంచుకు తడిసి ఉంటుంది. మోకు, ముత్తాదు తప్ప అతనికి వేరే ఆధారం ఉండేది కాదు. 2024 జూలైలో రంగారెడ్డి జిల్లాలోనే కాటమయ్య రక్షణ కవచం పేరుతో, కాలు జారినా మనిషిని పట్టి ఉంచే పరికరాల పంపిణీని ప్రభుత్వం ప్రారంభించింది.