ఒడ్డునుండి పెద్ద చేపల వేట: గాలపు కర్ర, రీలు ఎన్నిక

పడవ యెక్కకుండ, సముద్రపు గట్టున నిలిచియే, మనిషియంత బరువైన చేపను గాలముతో పట్టుట సాధ్యమా? సాధ్యమే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ తీరమున ఈ క్రీడ ప్రసిద్ధము. సిడ్నీకి దక్షిణమున జర్విస్ బే అను అఖాతము కలదు. దాని ఉత్తరపు అంచున నున్న బీక్రాఫ్ట్ ద్వీపకల్పమున రాతి గోడలు నిట్టనిలువుగ సముద్రములోనికి దిగును. వాని పాదముననే లోతైన నీరుండును. అక్కడి వేసవి చివర తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహము ఉత్తరమునుండి వెచ్చని నీటిని తెచ్చును. ఆ నీటితోబాటు బ్లాక్ మార్లిన్, ఎల్లోటెయిల్ కింగ్‌ఫిష్, ట్యూనా మున్నగు చేపలు గట్టు దరికి వచ్చును. బ్లాక్ మార్లిన్ మన బంగాళాఖాతమునను కలదు. విశాఖ ప్రాంతపు జాలరులు దానిని కొమ్ము కోనాం అందురు.

పడవలోని వేటగాడు పారిపోవు చేపను వెంబడింపగలడు. రాతిపై నిలిచినవాడు అడుగైన ముందుకు వేయలేడు. కర్ర, రీలు ఎన్నుకొనుటలో ఈ ఒక్క భేదమే ముఖ్యము.

రీలు

రీలు అనగా దారము చుట్టిన కండె. దానికి డ్రాగ్ అను బ్రేకు అమర్చబడి యుండును. చేప గట్టిగా లాగినపుడు దారము తెగకుండ, ఘర్షణకు లోబడి కండె తిరిగి దారమును వదలును. ఈ బ్రేకును దారపు బలములో మూడవ వంతుకు మించకుండ బిగించుట వాడుక. 15 కిలోల దారమైనచో 5 కిలోలన్నమాట.

అయితే దారము తరిగినకొలది ఈ లెక్క మారును. ఏలయన, బ్రేకు నిరోధించునది కండె భ్రమణమును, దారమును కాదు. నిండు కండె వ్యాసార్ధము 4 సెం.మీ. అనుకొందము. దారము తరిగి వ్యాసార్ధము 2 సెం.మీ. అయినపుడు, బ్రేకును ముట్టకున్నను, దారముపై లాగుడు 5 కిలోలనుండి 10 కిలోలగును. దీనికి తోడు నీటిలో నీడ్చబడు వందల మీటర్ల దారమునకు నీటి నిరోధమొకటి. దారము తెగుట కిక వింత యేమున్నది?

ఇంకొక విశేషము. కండె నడిమి బొడ్డు వ్యాసార్ధము 1.5 సెం.మీ. అయినచో, సగము దారము పోయినపుడు లాగుడు సుమారు 6.6 కిలోలే. మిగిలిన సగము పోవునపుడే అది వేగముగ పెరుగును. కనుక ఒడ్డు వేటకు అనేక వందల మీటర్ల దారము పట్టు పెద్ద కండె కావలెను. దారము తరిగినపుడు బ్రేకును బిగించుటకు మారుగా సడలింపవలెను.

రీళ్లు ముఖ్యముగ రెండు రకములు. తిరుగు కండె రీలులో దారము సూటిగా వచ్చును. సజీవమైన ఎరను ప్రవాహమున వదలి, పెద్ద చేపతో చాలసేపు పెనుగులాడుట కిది తగినది. కాని విసరునపుడు కండె వేగము దారపు వేగమును మించినచో చిక్కు పడును. నిలుకడ కండె రీలులో ఈ బాధ లేదు. లోహపు ఎరలను దూరముగ విసరుట సులభము. పిడి ఒకమారు త్రిప్పిన కండె 6 మార్లు తిరుగు రీలు ఎరను వేగముగ లాగును. 3 మార్లు తిరుగునది బరువును తేలికగ లాగును. వేగము పెరిగిన బలము తగ్గుట యంత్రముల కెల్ల సామాన్య ధర్మమే.

కర్ర

కర్ర యొక మీట. దాని మొదలు వేటగాని నడుము పట్టీపై ఆనును; చేయి 70 సెం.మీ. దూరమున పట్టుకొనును. కొనను లంబముగ 5 కిలోల బలము లాగుచున్నపుడు, 1.7 మీటర్ల కర్రకు చేయి సుమారు 12 కిలోలు మోయవలెను, 2.4 మీటర్ల కర్రకు 17 కిలోలు. అనగా పొడుగు కర్ర చేపకే ఉపకరించును. అయినను రాతి అంచులకు దారము ఒరయకుండ దూరముగ పట్టుటకు కొంత పొడుగు తప్పదు. అందుచే కొన మెత్తగా వంగి, మొదలు గట్టిగా నుండు కర్రను ఎన్నుకొందురు. కర్ర వంగినకొలది మీట భుజము తగ్గి, చేతిపై భారము తగ్గును.

పాలిఎథిలీన్ అల్లిక దారము సన్ననిది. కండెలో ఎక్కువ పట్టును. కాని సాగదు, రాతికి ఒరసిన వెంటనే తెగును. అందుచే కొనకు దళసరి నైలాను దారమును ముడివేయుదురు.

ఈ లెక్కలు కేవలము గెలుపునకే కావు. దారము తెగినచో చేప గాలముతోను, పొడుగాటి దారముతోను పోయి, హింసపడి చావవచ్చును. ఇక వేటగాని ప్రాణము మరింత ముఖ్యము. రాతి గట్టులపై అలలకు కొట్టుకొనిపోయి మరణించినవా రెందరో. అందుకే న్యూ సౌత్ వేల్స్‌లో 2016లో చేసిన చట్టము, నిర్ణయించిన ప్రాంతములలో రాతిపై చేపలు పట్టువారు లైఫ్ జాకెట్టు ధరించవలెనని విధించినది. తేలు కవచము, జారని పాదరక్షలు, అలలను కొంతసేపు గమనించు ఓపిక: ఇవి సమకూడిన పిదపనే కర్ర, రీలు కొనుటను గూర్చి యోచింపవలెను.