విసిగించిన పిస్టల్ మీద ఇంత బెంగ ఎందుకు?

అమెరికాలో గురి సాధన చేసేవాళ్లు, పాత తుపాకులు సేకరించేవాళ్లు నలుగురు కలిస్తే ఒక మాట తప్పకుండా దొర్లుతుంది: "దాన్ని అమ్మకుండా ఉండాల్సింది." ఖరీదైన తుపాకుల గురించి అలా అనుకున్నారంటే అర్థం చేసుకోవచ్చు. కానీ తమను ముప్పుతిప్పలు పెట్టిన వాటిని, పీడ వదిలిందనుకుని అమ్మేసిన వాటిని కూడా ఇలాగే తలుచుకుంటారు. ఈ బెంగ ఎక్కడ పుడుతుందో చూడాలంటే రూగర్ పిస్టల్ కథ చక్కగా సరిపోతుంది.

1949లో కనెక్టికట్ రాష్ట్రంలోని సౌత్‌పోర్ట్‌లో విలియమ్ రూగర్, అలెగ్జాండర్ స్టర్మ్ కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టారు. స్టర్మ్ పెట్టిన 50,000 డాలర్లే పెట్టుబడి. వాళ్లు మొదట తెచ్చింది పాయింట్ టూటూ తూటాలు పేల్చే పిస్టల్. చూడటానికి జర్మన్ లూగర్‌లా ఉంటుంది. పనితీరులో మాత్రం, యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక సైనికుడి దగ్గర రూగర్ కొన్న జపాన్ నాంబు పిస్టల్ ప్రభావం కనిపిస్తుంది. పిడి చట్రాన్ని ఉక్కు రేకుతో రెండు సగాలుగా అచ్చొత్తి, అతికించారు. అందువల్ల ఖర్చు తగ్గింది, ధర 37.50 డాలర్లు పెట్టగలిగారు. గురి తప్పదు, ఏళ్ల తరబడి మన్నుతుంది. ఎంతోమంది అమెరికన్లు గురిచూడటం నేర్చుకున్నది దీంతోనే.

చిక్కంతా శుభ్రం చేసేటప్పుడే. విప్పడం ఒక మాదిరి కష్టం, తిరిగి బిగించడం అసలు పరీక్ష. పిడి వెనక ఉన్న గొళ్లెం తీసి, స్ప్రింగ్ ఉన్న భాగాన్ని బయటికి లాగాలి. తర్వాత బోల్ట్ వస్తుంది, గొట్టం చట్రం నుంచి ఊడుతుంది. మళ్లీ కూర్చేటప్పుడు లోపలి హ్యామర్ సరైన స్థితిలో ఉండాలి. దానికి వేలాడే సన్నని కడ్డీ స్ప్రింగ్ మీది గుంటలోనే పడాలి. ఆ కడ్డీ కంటికి సరిగా కనిపించదు. పిస్టల్‌ను ఒకసారి పైకి, ఒకసారి కిందికి వంచి, బరువుతో అదే జారి చోటుకు చేరేలా చేయాలి. తప్పితే అంతా బిగించినట్టే ఉంటుంది గానీ బోల్ట్ వెనక్కి రాదు. మళ్లీ మొదటికి! 1982లో దీని కొత్త మోడల్ మార్క్ 2, ఆ తర్వాత మార్క్ 3 వచ్చినా ఈ తంటా పోలేదు. మార్క్ 3లో తూటాలు నింపే మేగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయని ఏర్పాటు పెట్టడంతో, బిగించే మధ్యలో ఖాళీ మేగజైన్‌ను పెట్టి తీసే పని అదనంగా చేరింది.

విసిగిపోయి అమ్మేసినవాడికి కొన్నాళ్లకు ఆ చిరాకు గుర్తుండదు. ఎండపూట డబ్బాలను వరసగా పడగొట్టిన ఆనందమే మిగులుతుంది. చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చిందని మన పెద్దలన్నది ఇలాంటి జ్ఞాపకం గురించే. అయితే ఈ బెంగనంతా జ్ఞాపకం చేసే మాయ కింద కొట్టేయలేం.

సొంతమైన వస్తువుకు మనసు వేరే లెక్క కడుతుంది. 1990లో అచ్చయిన కానెమన్, నెట్ష్, థేలర్ అనే పరిశోధకుల ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చారు. కప్పు చేతికొచ్చినవాళ్లు అమ్మడానికి అడిగిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్న ధరకు సుమారు రెట్టింపు. 2012లో నార్టన్, మోకన్, ఏరియలీ అనే పరిశోధకులు మరో సంగతి చూపించారు. పెట్టెల్లాంటి మామూలు వస్తువులైనా సరే, స్వయంగా బిగించినవాళ్లు వాటికి ఎక్కువ విలువ కట్టారు. అయితే పని పూర్తయినప్పుడే అలా జరిగింది. సగంలో ఆగిపోయినా, కట్టింది విప్పేసినా ఆ మమకారం నిలవలేదు.

నా దృష్టిలో ఈ బెంగకు అసలు తాళంచెవి ఇదే. ఆ పిస్టల్‌ను ఎన్నడూ బిగించలేకపోయినవాడికి అమ్మకం ఒక విముక్తి. ఇరవైసార్లు ఓడి, ఇరవై ఒకటోసారి కడ్డీ చోటుకు చేరిన చప్పుడు విన్నవాడి సంగతి వేరు. ఆ వంపు, ఆ సమయం అతని చేతికి తెలిసిపోయాయి. అమ్మేశాక పిస్టల్‌తో పాటు ఆ పనితనానికి చోటు కూడా పోయింది. బజాజ్ చేతక్ నడిపిన ఇళ్లకు ఇది బాగా తెలుసు. స్టార్ట్ కాని బండిని ఓ పక్కకు ఎంత వంచాలో, చోక్ ఎంతసేపు లాగి ఉంచాలో ఆ ఇంటాయనకే తెలిసేది. బండి పోయాక ఆ తెలివి ఎవరికీ పనికిరాలేదు.

2016లో మార్క్ 4 వచ్చింది. వెనకనున్న ఒక్క బటన్ నొక్కితే గొట్టం పైకి లేచి ఊడి వస్తుంది, బిగించడం కూడా అంతే తేలిక. మంచి మార్పు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు వరం. పాతది అమ్ముకున్నవాడి వెలితిని మాత్రం అది తీర్చదు.

పోనీ పాతదాన్నే తిరిగి కొనుక్కోవచ్చా? అలాంటిదే దొరుకుతుంది, అదే దొరకడం కష్టం. 1968 నాటి అమెరికా చట్టం ప్రకారం కంపెనీలు చేసే ప్రతి తుపాకీకీ వరుస సంఖ్య ఉండాలి. కానీ తుపాకులు, వాటి యజమానుల వివరాలతో కేంద్ర ప్రభుత్వం జాతీయ రిజిస్టర్ పెట్టడాన్ని 1986 నాటి చట్టం నిషేధించింది. కొన్నవాడెవరో తెలియకపోతే, నంబరు కంఠతా వచ్చినా దారి దొరకదు.

అందుకే ఒక సలహా ఇస్తాను. పిస్టలైనా, స్కూటరైనా, నాన్నగారి కుట్టుమిషనైనా, విప్పిన భాగాలు బల్ల మీద పరిచి ఉన్నప్పుడు అమ్మాలని నిర్ణయించుకోకండి. అప్పుడు మాట్లాడేది ఓటమి. ఓపిక పట్టి, తెలిసినవాళ్లను అడిగి, ఒక్కసారి సరిగ్గా బిగించండి. అది పనిచేయడం కళ్లారా చూశాక కూడా అమ్మాలనిపిస్తే నిశ్చింతగా అమ్మండి.