పరిమిత ప్రభుత్వము: తొలినాటి అమెరికా రాజ్యాంగము, షోలాపుర అనుభవము

కొంతం చౌక్ చుట్టునున్న వాడలలోని తెలుగువారిలో పెక్కుమంది నేతకాండ్ర సంతతివారు. వీరి పూర్వులు నైజాం రాజ్యములోని తెలంగాణ జిల్లాలనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు షోలాపురమునకు వచ్చిరి. వారు విడిచివచ్చిన సీమలో నిజాం ఫర్మానాయే శాసనము. ఇచ్చట కోర్టులు, వకీళ్లు, మునిసిపాలిటీ ఉండెను. పాలకులును చట్టమునకు లోబడియుందురను నమ్మకము కొంత యుండెను. 1930 మే నెలలో ఆ నమ్మకమునకు పరీక్ష వచ్చినది.

మే 5న గాంధీ మహాత్ముని నిర్బంధించిరి. 8వ తేదీన షోలాపురములో జనసమూహముపై పోలీసులు కాల్పులు జరిపిరి. పిదప కొద్దిదినములు నగరములో బ్రిటిషు అధికారము కానరాలేదు. 12వ తేదీన మార్షల్ లా, అనగా సైనిక శాసనము, ప్రకటింపబడి జూన్ 30 వరకు సాగెను. మూడురంగుల జెండా పట్టుట నేరమయ్యెను. గాంధీటోపీ కంటబడిన తీయించిరి. సామాన్య పౌరులను సైనిక న్యాయస్థానములు విచారించి శిక్షించెను. పోలీసులను చంపిరను ఆరోపణపై మల్లప్ప ధన్‌శెట్టి, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుసేన్ అను నలుగురిని 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరితీసిరి. షోలాపురములోని చార్ హుతాత్మా చౌక్ వారి స్మారకమే.

ఆపద వచ్చినదని చెప్పి ప్రభుత్వము సామాన్య చట్టమును ప్రక్కకు నెట్టవచ్చునా? నెట్టినచో, ఆపద నిజమా కాదా యని తేల్చువాడెవడు? ఈ ప్రశ్నలను అమెరికావారు తమ రాజ్యము ఏర్పడకమునుపే ఎదుర్కొనిరి. పరిమిత ప్రభుత్వమనగా బలహీన ప్రభుత్వము కాదు. అదియు పన్నులు వేయును, సైన్యమును పోషించును, దోషులను దండించును. కాని ప్రజలు వ్రాసియిచ్చిన పత్రములో లేని అధికారము దానికి లేదు.

1761లో బోస్టను నగరమున జేమ్స్ ఓటిస్ అను న్యాయవాది కస్టమ్సు అధికారుల సోదా పత్రములపై వాదించెను. ఆ పత్రములలో ఎవరి ఇల్లో, ఏ వస్తువుకొరకో ఉండదు. చేతనున్న అధికారి ఏ ఇంటనైనను ప్రవేశింపవచ్చును. ఇల్లే కర్మశాలగా గల నేతకారునికి దీని అర్థము వేరుగ చెప్పనక్కరలేదు. ఓటిస్ ఓడిపోయెను గాని వాదము నిలిచినది.

1768లో రాజసైన్యము బోస్టనులో దిగెను. 1770 మార్చి 5న సైనికులు గుంపుపై కాల్పగా ఐదుగురు మరణించిరి. తరువాత జరిగినదే గమనింపదగినది. ఆ సైనికులను సామాన్య న్యాయస్థానములో జ్యూరీ ఎదుట విచారించిరి. రాజపక్షమును వ్యతిరేకించు జాన్ ఆడమ్స్ వారి తరఫున వాదించెను. ఎనమండుగురిలో ఆరుగురు నిర్దోషులుగా విడుదలైరి. ఇద్దరికి మాత్రము హత్యకంటె తక్కువ నేరమునకు శిక్షపడినది. బోస్టనులో సైనికులను పౌర న్యాయస్థానము విచారించెను. షోలాపురములో పౌరులను సైనిక న్యాయస్థానము విచారించెను.

ఆ ఆడమ్స్ ముఖ్య రచయితగా 1780లో మసాచుసెట్స్ రాజ్యాంగము వెలువడినది. సైన్యము ఎల్లప్పుడును పౌరాధికారమునకు లోబడియుండవలెననియు, శాసనసభ అనుమతి లేనిదే సైనికేతరులపై సైనిక శాసనము చెల్లదనియు అందు వ్రాసిరి. ఆరేండ్లకే దీనికి పరీక్ష వచ్చినది. 1786లో అప్పులపాలైన రైతులు డేనియల్ షేస్ మొదలగువారి నాయకత్వమున తిరుగబడగా శాసనసభయే హెబియస్ కార్పస్ హక్కును కొంతకాలము నిలిపివేసెను. హద్దు వ్రాసిన చేతులే సడలింపును వ్రాసెను. అయినను ఆ పని సేనాపతి గాక ప్రజాప్రతినిధులు బహిరంగముగ చేసిరి.

1787 నాటి ఫెడరల్ రాజ్యాంగము, తిరుగుబాటుగాని దండయాత్రగాని కలిగి ప్రజారక్షణకు అవసరమైననే తప్ప, హెబియస్ కార్పసును నిలుపరాదనినది. సైన్యమునకు రెండేండ్లకు మించి ఒకేమారు ధనము మంజూరు చేయరాదనినది. 1791లో చేరిన పది సవరణలలో ఓటిస్ వాదము నాల్గవదిగ చోటుచేసికొన్నది. అయితే హెబియస్ కార్పసును కాపాడిన ఆ సెక్షనే 1808 వరకు బానిసల దిగుమతిని నిషేధింపరాదని గూడ శాసించినది. ఈ పత్రమును మెచ్చుకొనువారు ఆ పంక్తిని దాటవేయరాదు.

వ్రాతకు బలమెంతయో న్యూ ఆర్లియన్సులో తేలినది. బ్రిటిషు దండు సమీపించుచుండగా 1814 డిసెంబరు 16న జనరల్ ఆండ్రూ జాక్సన్ అచ్చట మార్షల్ లా విధించెను. 1815 జనవరి 8న ఘనవిజయము పొంది నగరమును కాపాడెను. సంధివార్త చేరినను, అధికారపూర్వకముగ తెలియరాలేదని చెప్పి సైనిక శాసనమును తొలగింపడయ్యెను. దానిని విమర్శించి పత్రికలో వ్రాసిన లూయాయే అను శాసనసభ్యుని బంధించెను. ఆతనికై హెబియస్ కార్పస్ రిట్టు నిచ్చిన ఫెడరల్ న్యాయమూర్తి డామినిక్ హాల్‌ను గూడ బంధించి ఊరు దాటించెను. మార్చి 13న అధికారవార్త వచ్చి మార్షల్ లా తొలగినది. హాల్ తిరిగివచ్చి, కోర్టు ధిక్కారమునకు జాక్సనుపై 1,000 డాలర్ల జరిమానా వేసెను. దేశమంతయు వీరుడని కొనియాడుచున్న సేనాని కోర్టుకు వచ్చి దానిని చెల్లించెను! 1844లో కాంగ్రెసు ఆ సొమ్మును వడ్డీతో తిరిగియిచ్చినది. జాక్సను చేసినది తప్పా ఒప్పా యను విషయమున అమెరికనులకే ఏకాభిప్రాయము లేదు. కాని సేనాపతిని పిలిపించి అడుగు పీఠమొకటి కలదని అందరికిని తెలిసినది.

1930లో భారతదేశమున ఆ పీఠమునకు అంత బలము లేదు. భారత ప్రభుత్వ చట్టము 72వ సెక్షను క్రింద గవర్నర్ జనరల్ ఆరుమాసములు చెల్లునట్టి ఆర్డినెన్సులు చేయగలిగెను. ఆ మే నెలలోనే భగత్‌సింగు విచారణకు ప్రత్యేక ట్రిబ్యునలును ఏర్పరచిన ఆర్డినెన్సు, షోలాపుర మార్షల్ లా ఆర్డినెన్సు రెండును వెలువడెను. అత్యవసరము కలిగినదో లేదో గవర్నర్ జనరలే నిర్ణయించునని 1931లో భగత్‌సింగు అప్పీలునందు ప్రీవీ కౌన్సిలు తేల్చినది. అధికారము ఎవనిదో, దాని హద్దును నిర్ణయించువాడును అతడే!

1950 నాటి మన రాజ్యాంగము 32, 226 అధికరణములతో రిట్టులను హక్కుగ నిచ్చినది. రాష్ట్రపతి ఆర్డినెన్సు పార్లమెంటు తిరిగి సమావేశమైన ఆరు వారములకు మించి, చట్టము కానిదే, నిలువదు. అయినను 34వ అధికరణము సైనిక శాసనకాలపు చర్యలకు పార్లమెంటు రక్షణ నీయవచ్చునని చెప్పుచున్నది. షోలాపురమువారు తప్పక చదువవలసిన అధికరణమిది. 1976లో ఎమర్జెన్సీ నడుచుచుండగా నిర్బంధితులకు హెబియస్ కార్పస్ దొరకదని సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను, న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించిరి. 1978 నాటి 44వ సవరణ, ఎమర్జెన్సీలోను 20, 21 అధికరణముల హక్కులను నిలుపరాదని కట్టడిచేసినది.

ఓటిస్ వాదించిన ఇంటి విషయము మన సుప్రీంకోర్టులో ఖడక్‌సింగ్ కేసుగ 1962లో వచ్చెను. పోలీసులు అనుమానితుని ఇంటికి రాత్రివేళ వచ్చి తలుపుతట్టుటను న్యాయమూర్తులందరును కాదనిరి. తక్కిన నిఘాను మాత్రము అధికసంఖ్యాకులు నిలిపిరి. రాజమండ్రిలో జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు ఏకాంతత వ్యక్తిస్వేచ్ఛలో భాగమనియు, ఆ నిఘా నిబంధన యావత్తును చెల్లదనియు భిన్నాభిప్రాయము వ్రాసిరి. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ అభిప్రాయమునే స్వీకరించి, 1976 నాటి తీర్పును గూడ త్రోసిపుచ్చినది. సుబ్బారావుగారు అప్పటికి నలుబది యేండ్ల క్రిందటనే దివంగతులైరి.