పాత రౌటర్ని పారేయకండి!

హాల్లో వైఫై బ్రహ్మాండంగా వస్తూ, వెనక గదిలోకి వెళ్లేసరికి ఫోన్లో బొమ్మ ఆగిపోతోందా? మా ఇంట్లోనూ ఇదే బాధ ఉండేది.

మాది పాతకాలపు ఇల్లు, మందపాటి గోడలు. రౌటర్ వీధివైపు హాల్లో, అత్తయ్యగారి గది పెరటివైపు. అమెరికా నుంచి మా ఆడపడుచు వీడియో కాల్ చేస్తే, ఆవిడ మోకాళ్ల నొప్పులతో హాల్లోకి రావాలి. అక్కడ టీవీ, పిల్లలు, వచ్చేపోయేవాళ్లు. కూతురితో మనసులో మాట అందరి ముందూ ఎలా చెప్పుకుంటారు? రానురాను "రేపు మాట్లాడతాలే" అనడం మొదలుపెట్టారు. నాకు మనసు చివుక్కుమంది.

ముందు ఒక రిపీటర్ కొని ఆవిడ గదిలోనే పెట్టాను. లాభం లేకపోయింది. సిగ్నల్ అందని చోట పెడితే అది మాత్రం దేన్ని అందించగలదు? దాన్ని దారి మధ్యలో, సిగ్నల్ ఇంకా బాగా ఉన్నచోట పెట్టాలట. అప్పుడు కూడా వేగం కొంత తగ్గుతుంది.

చివరికి అటక మీదున్న పాత రౌటరే ఆదుకుంది. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇలా చేశాను.

1. పాత రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి కాసేపు నొక్కితే పాత సెట్టింగులన్నీ పోతాయి. తర్వాత దాన్నొక్కదాన్నే వైరుతో కంప్యూటర్‌కి కలపండి.

2. దాని అడ్రసు మార్చండి. మా పెద్ద రౌటర్ది 192.168.1.1, అందుకని దీనికి 192.168.1.2 ఇచ్చాం. ఆ అంకె పెద్ద రౌటర్ ఫోన్లకు పంచే వరసలో ఉండకూడదు.

3. కొత్త అడ్రసుతో మళ్లీ తెరిచి, 'డీహెచ్‌సీపీ' ఆపేయండి. ఫోన్లకు అడ్రసులు పంచే పని అది. ఒకే కూరలో ఇద్దరు ఉప్పు వేస్తే ఏమవుతుంది? ఇదీ అంతే!

4. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ మాత్రం ఒకదానికి 1, రెండోదానికి 6 లేదా 11 ఉండాలి.

5. పెద్ద రౌటర్ నుంచి గోడ వెంబడి నెట్‌వర్క్ వైరు లాగి, రెండువైపులా 'లాన్' అని ఉన్న చోటే గుచ్చండి. ఈ వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది.

కొన్ని రౌటర్లలో 'యాక్సెస్ పాయింట్' అనే ఏర్పాటు ముందే ఉంటుంది. అప్పుడు ఈ తంటా ఉండదు, దాని పుస్తకంలో చెప్పినట్టు చేస్తే చాలు.

మరికొన్ని చిట్కాలు: రౌటర్ని ఇనప బీరువా వెనక, మైక్రోవేవ్ ఓవెన్ పక్కన పెట్టకండి. కాస్త ఎత్తులో ఉంచండి. కరెంటు పోయినా పనిచేయాలంటే రెండింటినీ ఇన్వర్టర్‌కి కలపాలి.

ఆ రాత్రి అత్తయ్యగారు తలుపు దగ్గరగా వేసుకుని, మంచం మీద నడుం వాల్చి, కూతురితో గంటసేపు మాట్లాడారు. మధ్యలో నవ్వులు వినిపించాయి. నా మీద చాడీలే చెప్పారేమో! చెప్పుకోనివ్వండి, ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!