జపాను లిపికి వెల కట్టుట

జపాను భాషను నేర్వగోరువానికి మొట్టమొదట అడ్డు తగులునది వ్యాకరణము కాదు, ఉచ్చారణమును కాదు, లిపి. ఒక్క లిపియే యైన నెట్లో సర్దుకొనవచ్చును గాని, ఆ దేశమున ఒకే వాక్యములో మూడు లిపులు కలిసిమెలిసి నడచుచుండును: విభక్తి ప్రత్యయములకును అనేక దేశ్యపదములకును హిరగానా, పరదేశములనుండి వచ్చిన మాటలకు కతకానా, అర్థప్రధానములైన నామములకును ధాతువులకును చీనా దేశమునుండి ఏనాడో తెచ్చుకొన్న కంజి. మొదటి రెండింట మూలాక్షరములు చెరి 46. శ్రద్ధ గలవాడు నెల తిరుగకుండ వానిని స్వాధీనము చేసికొనవచ్చును. కంజి సంగతి వేరు. జపాను ప్రభుత్వము 1946 లో నిత్యవ్యవహారమునకై 1,850 అక్షరముల పట్టిక నొకదానిని ప్రకటించెను. 1981 లో దాని స్థానమున 1,945 అక్షరముల పట్టిక వచ్చెను. 2010 లో అందుండి ఐదింటిని తొలగించి 196 చేర్చగా లెక్క 2,136 కు చేరెను. వీనిలో 1,026 అక్షరములను జపాను బాలురు ఆరేండ్ల ప్రాథమిక విద్యలో నేర్చుకొందురు. దినమునకు ఐదేసి చొప్పున తప్పక నేర్చినను పట్టిక ముగియుటకు పదునాలుగు మాసములు పట్టును. అదియైనను నిన్న నేర్చినది నేడు మరవనివాని లెక్క.

ఈ మరపును నమ్ముకొనియే నేడు సెల్‌ఫోనులలో ఒక చిన్న పరిశ్రమ బ్రదుకుచున్నది. జపాను అక్షరములను నేర్పు యాపులు కోకొల్లలుగ నున్నవి: కొన్ని ఉచితములు, కొన్ని ఒక్కసారి వెల చెల్లించి కొనదగినవి, మరికొన్ని నెలనెల చందా కోరునవి. ఒకే 2,136 అక్షరములకు ఇన్ని విధములైన వెలలేల ఏర్పడినవో తెలియవలెనన్న, ఆ యాపు ఎట్లు తయారగునో ముందు చూడవలయును.

నిర్మాణమునకు పూనుకొనువాడు మొదట ఆనందపడి, పిమ్మట ఆలోచనలో పడవలసిన విషయ మొకటి గలదు. అతనికి కావలసిన ముడిసరుకు దాదాపు అంతయు ఉచితముగనే లభించును. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయమున పనిచేసిన జిమ్ బ్రీన్ 1991 లో ఆరంభించి, అనేకుల సాహాయ్యముతో పెంచుచు వచ్చిన జపాను - ఇంగ్లీషు నిఘంటువును, దానికి తోడైన కంజిడిక్ అను అక్షరకోశమును ఎవరైనను వాడుకొనవచ్చును. ప్రతి కంజికిని గీతలెన్ని, పలుకుబడులేవి, అర్థములేవి అన్న వివరములన్నియు అందు గలవు. ఉల్‌రిక్ ఆపెల్ అను పండితుడు మొదలిడిన కంజి-వీజీ యందు ఒక్కొక్క గీత ఏ మార్గమున సాగునో, ఏది ముందో ఏది వెనుకయో, యంత్రమునకు బోధపడు రీతిని పొందుపరుపబడియున్నది. వీనికి క్రియేటివ్ కామన్స్ అనుమతి గలదు: కర్తల పేరు చెప్పవలెను, ఆ సమాచారమును మార్చి ప్రకటించినచో దానిని అదే షరతుపై లోకమునకు విడువవలెను. ఇంతటి ఔదార్యమునకు చేతులెత్తి నమస్కరింపవలసినదే. కాని దీని ఫలముగ, తన యాపునకును పోటీదారుని యాపునకును పునాది యొక్కటే యగుచున్నది. అక్షరములను చూపినంతమాత్రమున వెల యడుగుటకు ఎవరికిని అధికారము మిగులలేదు.

ఇచట తెలుగువారికి సంతోషము కలిగించు ఒక చిన్న ముచ్చట చెప్పి ముందునకు సాగెదను. కానా అక్షరముల వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై, క, స, త, న, హ, మ, య, ర, వ అని నడచును. ఇది మన వర్ణమాలకు చుట్టమే. బౌద్ధభిక్షువులు సిద్ధలిపి ద్వారమున సంస్కృత వర్ణక్రమమును అభ్యసించిరి; దాని ననుసరించియే ఈ వరుస ఏర్పడినది. చవర్గ ముండవలసిన తావున 'స', పవర్గ ముండవలసిన తావున 'హ' కనబడుచున్నవి. నేటి 'హ' కారము పూర్వము 'ప' కారముగ పలుకబడెడిదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఓనమాలు దిద్దినవానికి కానా పట్టికను కంఠస్థము చేయుట కష్టము కాదు.

ఇక అసలైన శ్రమ గీతల వద్ద ఆరంభమగును. జపాను బడిలో ఒకటవ తరగతియందే నేర్పు రెండక్షరములు గలవు: ఒకటి 'ఎడమ', ఒకటి 'కుడి'. రెండింటి తలభాగమును చూచిన ఒక్కటే: ఒక అడ్డుగీత, దానిని దాటుచు ఎడమ ప్రక్కకు జారు ఒక వాలుగీత. అయినను 'ఎడమ' వ్రాయునపుడు అడ్డుగీత ముందు. 'కుడి' వ్రాయునపుడు వాలుగీత ముందు. చీనావారు రెండింటిని అడ్డుగీతతోనే మొదలిడుదురు. కావున చీనా యాపునకు జపాను ముసుగు తొడిగినవాడు ఇచ్చటనే పట్టుబడును. కతకానాలోని 'షి', 'త్సు' అక్షరములు మరింత చిక్కైనవి: రెండును రెండు పొట్టి గీతలు, ఒక పొడుగు గీత; 'షి' లో పొడుగు గీత క్రిందినుండి పైకి లేచును, 'త్సు' లో పైనుండి క్రిందికి దిగును. వ్రాసి ముగించిన బొమ్మను మాత్రమే చూచు యంత్రమునకు ఈ భేదము సరిగా తెలియదు. కావున మంచి యాపు, వ్రేలు తెరపై ఆనిన చోటు, కదలిన దిక్కు, పైకెత్తిన చోటు అను మూడింటిని గీతగీతకును గుర్తించి, మాదిరి గీతతో సరిచూచును. ఎంత తేడాను క్షమింపవలెనన్నది నిర్మాత నిర్ణయము. మితిమీరి కఠినమైనచో అభ్యాసి విసిగి ఫోను ప్రక్కన పెట్టును. మితిమీరి మెత్తనైనచో తప్పే అలవాటై కూర్చుండును. ఈ మధ్యేమార్గమును ఏ ఉచిత కోశమును అందింపదు. వందలకొలది వ్రేళ్ల వ్రాతలను పరీక్షించి తెలిసికొనవలసినదే.

అక్షరము తెరపై కనబడుటలోను ఒక మోసము గలదు. యూనికోడు అను అంతర్జాతీయ సంకేతవిధానము చీనా, జపాను, కొరియా దేశముల ఉమ్మడి అక్షరములకు ఒక్కొక్క సంఖ్యనే ఇచ్చినది. 'ఎముక' అను అర్థమిచ్చు అక్షరమును చూడుడు: దాని తలలోని చిన్న గడి జపానులో కుడివైపున నుండును, నేటి చీనా సరళలిపిలో ఎడమవైపున నుండును, సంఖ్య మాత్రము రెండింటికిని ఒక్కటే. ఇది జపాను పాఠమని యాపు స్పష్టముగ చెప్పనిచో, ఫోను తనకు తోచిన చీనా రూపమును చూపవచ్చును. నేర్చువాడు పాపము దానినే దిద్దును. అడోబి, గూగుల్ సంస్థలు 2014 లో కలిసి వెలువరించిన ఉచిత అక్షరరూపములు ఈ చిక్కును చాలవరకు తీర్చినవి. అయినను అచ్చు అక్షరము వేరు, చేతివ్రాత వేరు: హిరగానాలోని 'కి', 'స' అక్షరములలో క్రింది వంపు అచ్చులో పైభాగముతో కలిసియుండును, చేతివ్రాతలో విడిపోవును. పాఠ్యపుస్తకములకై ప్రత్యేకముగ చెక్కిన అక్షరరూపములను ఎన్నుకొన్న యాపు తన పనిని ఎరిగినదని నిశ్చయింపవచ్చును.

పలుకుబడుల సంగతి సరేసరి. జీవించుట, పుట్టుట, పచ్చిది అను అర్థములుగల ఒక్క అక్షరమే సెయ్ అనియు, షో అనియు, ఇకిరు, ఉమరెరు అను క్రియలలో వేరువేరుగను, నమ అనియు పలుకబడును. వీనినన్నిటిని ఒకేమారు కుమ్మరించు యాపు నిఘంటువగును గాని గురువు కాజాలదు.

అసలు చేతితో వ్రాయుట అవసరమా అన్న ప్రశ్న కూడ నున్నది. 2010 నాటి పట్టికలో చేరిన అక్షరములలో దిగులును సూచించు 29 గీతల అక్షర మొకటి గలదు. కంప్యూటరు వచ్చిన పిదప చేత వ్రాయలేకున్నను చదువగలిగిన చాలునన్న భావముతోనే అట్టివానికి చోటు దొరకినది. చదువుటయే చాలునన్నవారు గీతల భాగమునే విడిచిపెట్టి యాపులు చేయుచున్నారు. పని సగమునకు సగము తగ్గును. కాని తొలి నూరు అక్షరములనైనను చేత వ్రాయనివానికి ఒకదానినొకటి పోలిన కంజి నిలుకడగా మనసున పట్టవని నా నమ్మకము.

ఇక మరపునకు మందు. 1885 లో జర్మను మనశ్శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తిపై తానే ప్రయోగములు చేసికొని, నేర్చినది ఏ వేగమున జారిపోవునో కొలిచి ప్రకటించెను. జారిపోవుటకు ముందుగనే మరల గుర్తుచేయుట, గుర్తున్నకొలది వ్యవధి పెంచుట అను పద్ధతికి పోలండు దేశీయుడైన పియోత్ర్ వోజ్నియాక్ 1987 లో కంప్యూటరు సూత్రమును కల్పించెను. ఏ కుర్రవానికి ఏ ఎక్కము నిలువదో ఎరిగి, వానినే లేపి అడుగు పాతకాలపు బడిపంతులు చేసిన పనియే ఇది. ఆస్ట్రేలియా దేశీయుడు డేమియన్ ఎల్మ్స్ జపాను నేర్చుకొనుచు, తన అవసరమునకై ఇదే సూత్రము నాధారముగ గొని 2006 లో 'ఆంకీ' అను సాధనమును వెలువరించెను. సూత్రమునకు వెల లేదు. జ్ఞాపకమునకు తోడ్పడు కట్టుకథలు అట్లు కావు: జేమ్స్ హైసిగ్ 1977 నుండి ప్రచురించిన పుస్తకములలోని పద్ధతిని ఎవరైనను అనుసరింపవచ్చును గాని, ఆయన కథలను ఎత్తి వాడుకొనరాదు, రెండువేల అక్షరములకు రెండువేల కథలను ఎవరో యొకరు కూర్చుండి అల్లవలసినదే. కథలు, వాని వరుస, తప్పులను క్షమించు కొలత: విక్రయింపదగిన సరుకు యథార్థముగ ఇదియే.

దీనికెంత అడుగవలెను? 2008 జూలై 10 న ఆపిల్ దుకాణము సుమారు 500 యాపులతో తెరువబడినప్పుడు వెలలు కొంత గౌరవముగనే యుండెను. అనతికాలములోనే పోటీ వలన అవి 99 సెంట్లకు దిగజారెను. ఒక్కసారి కొన్నవాడు ఏండ్ల తరబడి ఉచితముగ మార్పులను కోరును. ఏటేట ఫోను వ్యవస్థ మారినప్పుడెల్ల యాపును మరమ్మతు చేయక తప్పదు. క్రొత్త కూర్పునకు పాతవారినుండి తగ్గింపువెల పుచ్చుకొను ఏర్పాటు ఆ దుకాణమున లేదు. 2016 లో ఆపిల్ చందా పద్ధతిని అన్ని తరగతుల యాపులకును తెరచుటతో నిర్మాతలు అటు మొగ్గిరి. వారిని నిందింపలేము. వెల చెప్పువాడైనను పూర్తిగ స్వతంత్రుడు కాడు: యెన్ విలువ పడిపోగా 2022 అక్టోబరులో జపానునందు ఆపిల్ దుకాణపు 120 యెన్ల వెలమెట్టు 160 యెన్లు అయినది, నిర్మాత వ్రేలైన కదల్పకుండగనే.

మన దేశమున నూరు రూపాయలకు ఒక యాపు అమ్ముడైనదనుకొందము. 18 శాతము పన్ను ఆ వెలలోనే కలిసియున్నచో అది పోగా మిగులునది సుమారు 85 రూపాయలు. ఏటికి పది లక్షల డాలర్లకు లోబడిన నిర్మాతలకు ఆపిల్, గూగుల్ దుకాణములు 2021 నుండి తగ్గించిన 15 శాతము రుసుము పోగా చేతికందునది సుమారు 72 రూపాయలు. గూగుల్ 2015 లో ఇచట కనీసపు వెలను పది రూపాయలకు దించినది గాని, పది రూపాయలతో రెండువేల కథలు అల్లువానికి కాఫీ ఖర్చైనను రాదు.

రెండు ఏర్పాట్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట మేలు. వానికని అను సేవ అరువది మెట్లలో సుమారు రెండువేల కంజిని, ఆరువేల పదములను నేర్పును, వ్రాత నేర్పదు. మొదటి మూడు మెట్లు ఉచితము; పిమ్మట నెలకు 9 డాలర్లు, ఏటికి 89, శాశ్వతముగ నైనచో 299 అని దాని వెలలు ప్రసిద్ధములు. లెక్క కట్టిన, రెండేండ్లలో ముగించువానికి వార్షిక చందా రెండు మారులు, అనగా 178 డాలర్లు, చాలును. శాశ్వతపు వెల గిట్టుబాటగునది మూడేండ్లు దాటిన మందగాములకే. త్వరగా ముగించిన కొలది తక్కువ చెల్లింతువన్న మెలిక ఇందున్నది. ఇది మంచి మెలికయే. ఆంకీ ఏర్పాటు వేరు: కంప్యూటరుపై ఉచితము, ఆండ్రాయిడుపై స్వచ్ఛంద సేవకులు చేసిన రూపము ఉచితము, ఐఫోనుపై మాత్రము 24.99 డాలర్లు, ఒక్కసారి. ఐఫోను కొనగలవాడు తక్కిన వారి భారమును కొంత మోయుచున్నాడన్నమాట. నాకు ఈ రెండవదే న్యాయముగ తోచుచున్నది. కాని అందలి పాఠములను అభ్యాసియే కూర్చుకొనవలెను, లేదా పరులు కూర్చినవానిని వెదకుకొనవలెను. అందుకు ఓపిక లేనివాడు మొదటిదానికి చెల్లించుటలో తప్పు లేదు.

నెలనెల చందాలో నాకు నచ్చనిది ఒక్కటే. ఏ అక్షరమును ఎన్నడు మరచితిమి, మరల ఎన్నడు చూడవలెనన్న చరిత్ర యంతయు యాపు చేతిలో నుండును. చెల్లింపు ఆపిన దినమున ఆ తలుపు మూతపడినచో ఏడాది శ్రమ లోపలనే చిక్కుకొనును. ఆ చరిత్రను బయటికి తీసికొనిపోవు వీలు కల్పింపని యాపు ఎంత అందముగ నున్నను చందాకు అర్హము కాదు. 2021 అక్టోబరు నుండి అమలైన రిజర్వుబ్యాంకు నియమముల వలన, కార్డునుండి మరల మరల సొమ్ము తీయుటకు ముందు మనకు తెలియజేయవలసియున్నది. ఆ సందేశము వచ్చినపుడు చదువక త్రోసివేయకుడు.

నేర్వనెంచిన పాఠకులు వెల చెల్లించుటకు ముందు ఉచితభాగమునందే 'ఎడమ', 'కుడి' రెండింటిని తప్పువరుసలో వ్రాసి చూడుడు. యాపు పట్టుకొనలేనిచో విడిచిపెట్టుడు. 'ఎముక' గడి ఏ వైపున నున్నదో చూడుడు. మీరు దినమునకు ఎన్ని అక్షరములు నేర్వగలరో నిజాయితీగ అంచనా వేసికొని, నెలలను చందాతో హెచ్చవేసి, ఒక్కసారి చెల్లించు వెలతో పోల్చుకొనుడు. హిరగానా, కతకానాలకు మాత్రము ఎవరికిని ఒక్క రూపాయియైనను చెల్లింపవలదు.