శైశవానుభవము - భావి జీవితము

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మన పెద్దలన్నారు. లేత వయస్సున ఏర్పడినదే కడవరకు నిలుచునని దీని భావము. అది దేహమునందు ఎట్లు నిలుచునను ప్రశ్నకు కొంత సమాధానము ప్రయోగశాలలోని ఎలుకల వలన మనకు లభించినది.

1950 దశకమున అమెరికా శాస్త్రజ్ఞుడు సేమూర్ లెవీన్, ఆయన సహచరులు కొన్ని ఎలుక పిల్లలకు ప్రతిదినము స్వల్ప విద్యుద్ఘాతము నిచ్చిరి. కొన్నిటిని ఊరక గూటి నుండి తీసి మరల ఉంచిరి. మిగిలినవానిని తాకనే లేదు. ఆశ్చర్యమేమనగా, పెద్దవైన పిమ్మట ఎక్కువగా బెదరినవి ఎవ్వరును తాకనివే!

తరువాతి ప్రయోగములలో పిల్లలను మొదటి మూడు వారములు, దినమునకు సుమారు 15 నిమిషములు తల్లి నుండి వేరుచేసిరి. అవి పెరిగిన పిదప ఆపద కలిగినపుడు వాని రక్తమున కార్టికోస్టిరోన్ అను హార్మోను తక్కువగా పెరిగి, త్వరగా యథాస్థితికి వచ్చెను.

ఇది మనిషి చేతి మహిమయా? కాదు. తిరిగివచ్చిన పిల్లలను తల్లి మరింతగా నాకును. మాంట్రియల్ లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున మైకేల్ మీనీ బృందము 1997లో చూపినదేమనగా, స్వభావసిద్ధముగ ఎక్కువగా నాకు తల్లుల పిల్లలకు కూడ, పెరిగిన పిదప ఆపద కలిగినపుడు కార్టికోస్టిరోన్ తక్కువగా పెరుగును. వాని మెదడులో హిప్పోక్యాంపస్ అను భాగమున ఆ హార్మోనును గుర్తించు గ్రాహకములు అధికము. మడి నిండగానే తూము మూయించు నీరటి వలె, అవి హార్మోను చాలునని మెదడునకు తెలుపును.

ఇది వంశపారంపర్యము మాత్రమే కాదు. తక్కువగా నాకు తల్లికి పుట్టినను, ఎక్కువగా నాకు తల్లి పెంచిన పిల్లలు పెంచిన తల్లి పోలికనే పొందెను. ఆ అనుభవము జన్యువు పైని రసాయన ముద్రలను మార్చునని 2004లో తెలిసినది.

అయితే ఎడబాటు మేలని మనము తలంపరాదు. దినమునకు మూడు గంటలు వేరుచేసిన పిల్లలు అధికముగ బెదరునవి అయినవి. తల్లిని కూడ నిందింపరాదు. గర్భవతిగా ఇక్కట్లు పడిన తల్లి ఎలుక పిల్లలను తక్కువగా నాకునని 2006లో కనుగొనిరి. తల్లి క్షేమమే బిడ్డ క్షేమమునకు మూలము.

సామెతను సవరించు విషయ మొకటి కలదు. అట్లు మూడు గంటలు ఎడబాసిన పిల్లలను, పాలు మానిన పిదప తోటివానితో, ఆటవస్తువులతో విశాలమైన పంజరములలో పెంచగా, మెదడులోని కొన్ని మార్పులు చెరగకున్నను, వాని బెదురు తగ్గెనని 2002లో తేలినది.

ఎలుకలకు నిజమైనదంతయు మానవునకు వర్తించునని మనము చెప్పజాలము. అయినను బెదురుతో తరగతిలో అడుగిడు విద్యార్థిని చూచినపుడు, మాను సహితము కొంత వంగునని గుర్తుంచుకొనుట మనకు మేలు.